కుంకుమ పొట్లం మీది ఉప్పలమ్మ

నల్లగొండ జైలు,
12-8-1964.

చిరంజీవి సౌభాగ్యవతి సోమమ్మకు మీ బాపు గాలయ్య దీవించి రాసేది. జైల్లో ఎంత క్షేమం ఉంటదో అంత క్షేమంగా ఉన్నాను. షాద్‌నగర్‌లో నువ్వు, అల్లుడు భిక్షం బాగున్నారని తలుస్తాను. అక్షరాలు వంకర పోతే సర్దుకొని చదువుకో. చేతికి కట్టు ఉన్నది.

నీ ఉత్తరం అందింది. కుంకుమ సేఠు మీ ఇంటికి కాగితం పంపాడని, మీ అమ్మ ఫోటో పొట్లాల మీద వేసుకోవడం మీకు ఇష్టమేనని నువ్వు సంతకం పెడితే కేసు వాపసు తీసుకుంటానన్నాడని రాశావు. "యాదికి లేని అమ్మ మొఖం గా పొట్లం మీదనే చూసిన బాపూ. గంత పెద్ద బొట్టుతోని ఎంత మంచిగున్నదో! దానికి మనుషులను కొడతరా?" అని అడిగావు.

విను. పోయిన నెల నాగలి కర్రు కోసం నల్లగొండ వచ్చి, బజారులో మీ అమ్మను చూశాను. ఒక్క ఉప్పలమ్మ కాదు, దుకాణం నిండా వరుసగా వంద మంది ఉప్పలమ్మలు. ఫోటోల రామచంద్రం తన దగ్గరున్న మీ అమ్మ ఫోటో అద్దం పలక నుంచి బొమ్మ అచ్చు తీసి సేఠుకు అమ్ముకున్నాడట. మనల్ని అడిగినవాడు లేడు.

ముందు వకీలు దగ్గరికే పోయాను. "జాగాకు పట్టా ఉంటది గని మొఖానికి పట్టా ఏడుంటది తాతా? గసుంటి చట్టం లేదు" అన్నాడు. "మీ అమ్మ మొఖం చెప్పుల డబ్బా మీద అచ్చేస్త, అప్పుడు దొరుకుతదేమో ఎతుకు" అని లేచి వచ్చాను.

పొట్లాలు తీసెయ్యమని సేఠుకు రెండుసార్లు చెప్పాను. నవ్వాడు. "నీ పెండ్లాన్ని లక్ష్మిని చేసిన, దండం పెట్టి పో" అన్నాడు. మూడోసారి చెప్పలేదు. తూకం రాయి తీసి దవడ పగలగొట్టాను. కింద పడ్డాక నోట్లో పిడికెడు కుంకుమ కుక్కాను. అక్కడినుంచి రామచంద్రం దుకాణానికి పోయాను. అడ్డం పెట్టిన అతని చేతి వేళ్ళు రెండు విరిచి, ఆ అద్దం పలకను పిడికిలితోనే గుద్ది ముక్కలు చేశాను. నా చెయ్యి తెగింది. కుంకుమేదో నెత్తురేదో పోలీసులకు తెలియలేదు.

సోమవారం పేషీ. తప్పయిందని రాసిస్తే వదులుతారట. నేను రాయను. నువ్వూ సంతకం పెట్టకు. అల్లుడు బతిమాలినా పెట్టకు. పెడితే బయటికొచ్చినా మీ గడప తొక్కను.

ఇట్లు,
మీ బాపు,
పానగల్ గాలయ్య.

మళ్ళీ రాసేది: మీ అమ్మ జ్వరంతో పోయిందని పదహారేళ్ళు నీకు అబద్ధం చెప్పాను. నేను దొరల మీద కొట్లాడే సంఘంలో ఉన్నానని దొర మనుషులు తుపాకులతో వచ్చిన నాడు, నన్ను వెనుక దడి దూకమని చెప్పి, ఆమె గడపకు అడ్డం నిలబడ్డది. నేను దూకాను. శవాన్ని బండి మీద నల్లగొండ దవాఖానకు తెచ్చినప్పుడు, నీకు మొఖమన్నా మిగలాలని, రామచంద్రం కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు దుప్పటి కట్టి ఫోటో తీయించాను. మళ్ళీ పోయి ఆ ఫోటో తెచ్చుకునే ధైర్యం నాకు లేకపోయింది. పొట్లం మీద నిన్ను చూస్తున్న ఆ కండ్లు రామచంద్రం కుంచెతో గీసినవి. బొట్టు మాత్రం నేను పెట్టిందే. ముత్తయిదువగా పోయింది కదా. గుండు దిగిన చోటు కనపడకుండా, రూపాయి బిళ్ళంత పెట్టాను.