జడ్జి పోయిన వారం

నవంబర్ 8, శనివారం

మొక్కజొన్న కోత అయిపోయింది. పొద్దున తొట్టిలో నీళ్ళు గడ్డకట్టాయి. జడ్జి మేత సగం వదిలేశాడు.

వచ్చే శనివారం హార్కర్ కాలేజీతో ఫుట్‌బాల్ గేమ్. ముప్పై మైళ్ళ అవతలి ఊరు, మాదీ వాళ్ళదీ ఒకటే లీగు. నూట మూడేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు ఓడించుకుంటున్నారు. మా డెల్విన్ కాలేజీ జెండా మీద పొట్టేలు తల ఉంటుంది. ఆ పొట్టేలు నా కొట్టంలో ఉంటుంది. మా నాన్న అయిదింటిని సాకాడు, నేను ఆరింటిని. అన్నిటి పేరూ జడ్జే. హార్కర్ గేమ్ రోజున దాన్ని పగ్గం పట్టుకుని మైదానానికి అడ్డంగా నడిపిస్తాను. ఏడు వేల మంది లేచి నిలబడతారు. వాళ్ళు చూసేది దాన్ని, నన్ను కాదు. అందుకే చేయగలుగుతున్నాను.

సాయంత్రం గ్రేడీ వచ్చాడు. మా టీములో డిఫెన్స్ ఆడతాడు. గుమ్మం పట్టనంత మనిషి. జడ్జి నుదురు గోకుతూ, ఏం జడ్జిగారూ, ఈసారి తీర్పు ఎవరికి అన్నాడు. తినడం లేదని చెప్పాను. గేమ్ భయం పెద్దాయనా, నాకూ అంతే, ముద్ద దిగట్లేదు అన్నాడు. తర్వాత నా భార్య వెర్నా చేసిన కొలాచీలు, పండ్ల గుజ్జు పెట్టిన బన్నులు, ఆరు తిన్నాడు. ముద్ద దిగని వాడివి, ఏడోది దేనికి వదిలేశావు అని వెర్నా అడిగింది.

నవంబర్ 9, ఆదివారం

కొట్టం గోడ మీద నారింజ రంగు. హార్కర్ రంగు. 'శనివారం మా ఇంట్లో మటన్' అని రాసి పోయారు. ఎప్పుడొచ్చారో తెలియలేదు. ప్రతి ఏడూ ఏదో ఒకటి చేస్తారు. పోయినేడు మావాళ్ళు వాళ్ళ బ్యాండు గదిలో కోళ్ళు వదిలారు.

జడ్జి మూలకు ఒదిగి ఉన్నాడు. డొక్కలు ఎగరేస్తున్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి. బెదిరాడనుకున్నాను.

నవంబర్ 10, సోమవారం, ఉదయం 6

కళ్ళు పచ్చగా ఉన్నాయి. మూత్రం కాఫీ రంగు. వెర్నాను పశువుల డాక్టరుకు ఫోన్ చేయమన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

పదకొండు దాటాక పోయాడు. తల నా మోకాలి మీద పెట్టుకున్నాడు.

డాక్టర్ లిండ్‌క్విస్ట్ ఇరవై ఏళ్ళుగా మా పశువులను చూస్తోంది. జడ్జి కంటి రెప్ప లాగి చూసింది. ఏం పెడుతున్నావు ఎల్డన్ అంది. ఎప్పుడూ పెట్టేదే అన్నాను. మేతలో కలిపే మినరల్ మిక్చర్ ఏది అంది. గొర్రెలదే అన్నాను. పొట్ట కోసి కాలేయం ముక్క తీసుకుంది. ల్యాబ్‌కు పంపితే శుక్రవారానికి తెలుస్తుందంది.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. హార్కర్ వాళ్ళు విషం పెట్టారని. గోడ మీది రాతను ఫొటోలు తీసుకుపోయారు. మొదట ఎవరన్నారో తెలీదు. నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

నవంబర్ 11, మంగళవారం

రాయడానికే చేయి రావడం లేదు.

డాక్టరు అడిగిన మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. తెల్లవారాక మిక్చర్ సంచి చూశాను. ఆకుపచ్చ సంచి. అడుగున కుట్టిన చీటీని కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చదివాను. అది ఆవుల మిక్చర్.

ఆవుల దానిలో రాగి కలుపుతారు. గొర్రెకు రాగి విషం. ఒక్క రోజులో చంపదు. నెలల తరబడి కాలేయంలో పేరుకుని, ఒక రోజు చంపుతుంది. ఈ సంగతి నాకు మా నాన్న చెప్పాడు. నలభై ఏళ్ళుగా గొర్రెలు కొన్న ప్రతివాడికీ నేను చెప్పాను. నేను నోరు విప్పి చెప్పే నాలుగైదు మాటల్లో అదొకటి.

ఎప్పుడూ ఆకుపచ్చదే గొర్రెలది. వసంతంలో కంపెనీవాళ్ళు సంచుల రంగులు మార్చినట్టున్నారు. నేను మేత అమ్మే కొట్టుకు వెనక నుంచి వెళ్ళి, నా సంచి నేనే ట్రక్కులో వేసుకుని, సంతకం పెట్టి వస్తాను. కౌంటర్ దగ్గర నిలబడితే మాట్లాడాలి. ఎవరినైనా ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేవారు.

ఏప్రిల్ నుంచి. ఏడు నెలలు. రోజూ గరిటెడు, నా చేత్తో.

నవంబర్ 12, బుధవారం

వెర్నా సంచి చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ చదివింది. తర్వాత అంది, నీ నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు కావాలి, అది నాకు తెలుసు, యాభై రెండేళ్ళుగా నీ తరఫున నేనే మాట్లాడాను, కానీ ఇది నేను మాట్లాడను ఎల్డన్, లేచి వెళ్ళు అంది.

వెళ్ళాను. కాలేజీ కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. 'జడ్జికి న్యాయం' అని రాశారు. ఆటల విభాగం పెద్ద రాయ్ ట్విచెల్ గదికి వెళ్ళాను. ఆయన లేచి వచ్చి నన్ను పట్టుకున్నాడు. కూర్చోండి కూర్చోండి, మీ బాధ నాకు తెలీదా, రేపు జిమ్‌లో పిల్లలందరూ చేరుతున్నారు, మీరొచ్చి రెండు ముక్కలు చెప్పాలి, రెండంటే రెండే అన్నాడు. చెప్పాల్సింది ఉంది అన్నాను. అదే, అక్కడే చెప్పండి అన్నాడు. ఫోన్ మోగింది. నేను టోపీ తీసుకుని వచ్చేశాను.

వెర్నా ఏమైందని అడగలేదు. నా మొహం చూసి లోపలికి పోయింది.

నవంబర్ 13, గురువారం

కాగితం మీద మూడు వాక్యాలు రాసుకున్నాను. జడ్జిని ఎవరూ చంపలేదు. తప్పు మేత నేనే పెట్టాను. హార్కర్ పిల్లలు గోడకు రంగు మాత్రమే వేశారు. ట్రక్కులో కూర్చుని పదిసార్లు చదివాను. బాగానే వచ్చింది.

రెండు గంటలకు జిమ్. పిల్లలు మెట్ల మీద, నేల మీద, కిటికీల్లో. ట్విచెల్ మైకు నా గడ్డం దాకా దించాడు. అందరూ నోరు మూసుకున్నారు. అంత మంది ఒక్కసారి నోరు మూసుకోవడం నేనెప్పుడూ వినలేదు. కాగితం తీశాను. అక్షరాలు కనబడలేదు. అది మంచి పొట్టేలు అన్నాను. నా గొంతు స్పీకర్లలోంచి ఎవరిదో అయి వచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

నేను మనుషుల ముందు ఎప్పుడూ ఏడవలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా.

ముందు ఎవరో ఒకడు కాళ్ళతో నేలను తన్నాడు. తర్వాత అందరూ. బిల్డింగు ఊగింది. గ్రేడీ వచ్చి నన్ను చంటిపిల్లాడిలా పట్టుకుని కిందికి దింపాడు. మీరు ఏడవకండి పెద్దాయనా, మేం చూసుకుంటాం అన్నాడు.

అప్పుడైనా వాడికి ఒక్కడికి చెప్పాల్సింది. చెవి నా నోటి పక్కనే ఉంది.

నవంబర్ 14, శుక్రవారం, ఉదయం

నిన్న సాయంత్రం గ్రేడీ, ఇంకో ఇద్దరు హార్కర్ వెళ్ళారు. పెట్రోలు బంకు దగ్గర నారింజ రంగు జాకెట్ వేసుకున్న వాడొకడు కనబడ్డాడు. వాడు ఆటగాడు కూడా కాదు. బ్యాండులో ట్యూబా వాయిస్తాడు. కోలిన్ రస్క్, పంతొమ్మిదేళ్ళు. గ్రేడీ ఒక్క దెబ్బే కొట్టాడట. పిల్లాడి తల వెళ్ళి కాలిబాట అంచుకు తగిలింది. హెలికాప్టర్‌లో ఒమాహా ఆసుపత్రికి తీసుకుపోయారు. స్పృహ లేదు.

గ్రేడీని జైల్లో పెట్టారు. వెర్నా ఇదంతా రేడియోలో విని వచ్చి చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

అదే రోజు, 11 గంటలు

డాక్టర్ లిండ్‌క్విస్ట్ ఫోన్ చేసింది. వెర్నా ఫోన్ నా చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. రాగి, ఎల్డన్ అంది డాక్టరు, నేను ఇంత చూడలేదు ఎప్పుడూ. తెలుసు అన్నాను. ఎప్పటి నుంచి తెలుసు అంది. మంగళవారం నుంచి అన్నాను.

తర్వాత అంది, బెదరడం వల్ల విషం ఆదివారం పైకి తేలింది, వాళ్ళు రాకపోయినా ఇంకో వారంలో తేలేదే. దాని వెనక దాక్కోకు అంది. అప్పటికే దాక్కున్నానని ఆమెకు తెలుసు. నన్ను అడిగిన వాళ్ళకు నేను చెప్తాను, కానీ నేను చదివింది హార్కర్‌లో, ఈ వారం మీ ఊళ్ళో నా మాట పిల్లి కూడా వినదు, నీ మాట వింటారు అంది.

నవంబర్ 15, శనివారం

గేమ్ ఆపలేదు. రెండు కాలేజీల పెద్దలూ కూర్చుని, ఆపితే ఇంకా గొడవవుతుందని ఆడించాలనుకున్నారట.

తొమ్మిదింటికి సంచి తీసుకుని ట్విచెల్ గదికి వెళ్ళాను. బల్ల మీద పెట్టాను. చెప్పాను. మూడు వాక్యాలూ వచ్చాయి. అనుకున్నంత సేపు పట్టలేదు.

ఆయన లేచి తలుపు మూశాడు. ఇంకెవరికి తెలుసు అన్నాడు. చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. మధ్యాహ్నానికి బయట ఏడు వేల మంది ఉంటారు మిస్టర్ ప్రొహాస్కా, అందులో రెండు వేల మంది నారింజ రంగు, ఇప్పుడు ఈ మాట అంటే ఏమవుతుందో మీకు తెలుసా, సోమవారం చెప్దాం, నేనే పక్కన నిలబడతాను, ఈ రోజు మాత్రం నడవండి, ఒట్టి పగ్గం పట్టుకుని నడవండి చాలు, మనుషులు చల్లబడతారు అన్నాడు.

నడవడం నాకు వచ్చు. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఒట్టి పగ్గం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. టోపీలు తీశారు. హార్కర్ వైపు కూడా తీశారు. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు. ఈసారి పక్కన పొట్టేలు లేదు. అందరూ నన్నే చూశారు.

గేమ్ చూడలేదు. ఇంటికొచ్చేశాను. వెర్నా రేడియో పెట్టలేదు. నాలుగు దాటాక రోడ్డు మీద హారన్లు మోగాయి. గెలిచామన్నమాట.

నవంబర్ 16, ఆదివారం

కోలిన్ రస్క్ ఇంకా కళ్ళు తెరవలేదు.

నవంబర్ 17, సోమవారం

ట్విచెల్ ఫోన్ ఎత్తలేదు. షెరిఫ్ దగ్గరికి ఒక్కడినే వెళ్ళాను. డేల్ హోకన్సన్. ఇదే కాలేజీకి ఆడినవాడు, మోకాలు దెబ్బతిని ఇప్పటికీ కుంటుతాడు. సంచి నుంచి కత్తిరించిన చీటీ ముందు పెట్టి మొత్తం చెప్పాను. కాఫీ పోసి ఇచ్చాడు. అంతా విన్నాడు. ఒక్క ముక్క రాసుకోలేదు.

పొట్టేలు ఎలా పోయినా కొట్టింది కొట్టడమే, కేసు మారదు అన్నాడు. కేసు కోసం కాదు అన్నాను. ఎల్డన్, గ్రేడీ నీకు మనవడి లాంటివాడు, నాకర్థమవుతుంది అన్నాడు. వాడికి దీంతో ఏం సాయం, పిచ్చోడా, అన్నాను. ఆయన నవ్వాడు. నేను ఎవరినీ పిచ్చోడా అని ఎరగను. ల్యాబ్ కాగితం డాక్టరు దగ్గరుంది అన్నాను. ఆవిడ ఏ ఊరి మనిషో నీకు తెలీదా అన్నాడు. చీటీ మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు.

అక్కడి నుంచి కాఫీ హోటల్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం, నిండుగా ఉంది. లేచి నిలబడి అందరికీ చెప్పాను. గొంతు వణకలేదు. ఫోర్కులు ఆగాయి. విన్నారు. ఎవరో భుజం తట్టి, ఇంటికెళ్ళి పడుకో పెద్దాయనా, వారం నుంచి నిద్ర లేదు నీకు అన్నారు.

నవంబర్ 21, శుక్రవారం

కోలిన్ కళ్ళు తెరిచాడు. ఎడమ చేయి కదలడం లేదట. ఒమాహా వెళ్ళాను. వాళ్ళ నాన్న వరండాలో ఉన్నాడు. నేనెవరో చెప్పాను, చేసింది చెప్పాను.

ఆయన ఒక్కడే నమ్మాడు. ఏ రోజు తెలిసింది అన్నాడు. మంగళవారం అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. బుధ, గురు. వెళ్ళిపో అన్నాడు.

నవంబర్ 26, బుధవారం

గ్రేడీ వాళ్ళమ్మ వచ్చింది. చేతుల్లో మూతపెట్టిన పళ్ళెం. కోడిమాంసం, నూడుల్స్. నా కొడుకు మీద జాలితో అంత పెద్ద అబద్ధం నెత్తిన వేసుకున్నారు, దేవుడు మీకు మంచి చేస్తాడు అంది. అబద్ధం కాదన్నాను. నా చేయి తీసుకుని కళ్ళకద్దుకుంది.

పళ్ళెం వేడిగా ఉంది. తిన్నాను.