బావకు చూపించిన ఎండ

ఓబుళేశూ, మీ బావ ప్రాణానికి ఢోకా లేదు. నీ మీద నా కోపమే తగ్గలేదు.

ఊపిరితిత్తి పొర మీది క్యాన్సర్ గడ్డ కోసేసి, మిగిలింది చావాలని ఛాతీ లోపలే లైటు వేశారు. ఆ వెలుగుకు మండే మందు ముందే ఎక్కించారు. అది ఒంట్లో ఉన్నన్నాళ్లు ఎండ తగిలితే చర్మం కాలుతుందని డాక్టరు నీ ఎదుటే చెప్పాడు కదా! "పొద్దున ఎండ ఒంటికి మంచిది బావా" అంటూ ఆసుపత్రి మిద్దె మీదికి తీసుకుపోయి సూర్యుడికి మొక్కిస్తావా? మొహమంతా బొబ్బలు!

శనివారం చీకటి పడ్డాక ఇంటికి వస్తాం. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టు. ఎనుము ఈనిందా? ఈసారి దీవెనలు పిల్లలకే, నీకు లేవు.

ముప్పై ఏళ్లు ఈ జబ్బు తెచ్చిన ఆస్‌బెస్టాస్ రాతినార గనిలో, భూమి కింద, పగలు ఎరగకుండా పనిచేసిన మనిషి ఆ బొబ్బలతోనే అంటున్నాడు: "వాన్ని తిట్టొద్దులే. ఆ ఎండ శానా బాగుండె."

అక్క,
తిరుపాలమ్మ