నీ పక్కన చోటు

అమ్మా, వందనాలు. నీ రూతును.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. యుద్ధం ఆగింది. సర్కారు కొలిచి ఇచ్చే కంట్రోలు గుడ్డ కోసం మాత్రం నరసరావుపేటలో జనం ఇంకా బారులు తీరుతూనే ఉన్నారు. మన గేదె ఈనింది... అసలు సంగతి చెప్పడానికి నోరు రాక ఇవన్నీ చెబుతున్నాను.

నాన్న వచ్చాడు.

అవునమ్మా, తాగొచ్చి నిన్ను కొట్టి, చివరికి మాచర్లలో వేరే ఆమెతో కాపురం పెట్టిన మనిషే. నన్ను చంకనేసుకుని నువ్వు కూలికి తిరిగిన ఏళ్ళన్నీ ఇటు తొంగి చూడలేదు. ఆమె పోయిందట. పోయిన నెల దగ్గుకుంటూ వచ్చి మన గడపలో కూలబడ్డాడు. తరిమేద్దామనుకున్నాను. గంజి ఎందుకు పోశానో నాకే తెలియదు.

మంచం పట్టాక పాస్టరుగారిని పిలిపించమన్నాడు. చేసినవన్నీ చెప్పుకుని ఏడ్చాడు. ప్రభువు క్షమించాడని చెప్పి పాస్టరుగారు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు జొన్నలు తీసి, గుడికిచ్చే దేవుడి కుండలో వేసినదానివి నువ్వు. మనం పస్తున్న రోజుల్లో కూడా దాన్ని ముట్టనివ్వలేదు. ఈయన ఒక్క గింజైనా వేశాడా? అదే అడిగేశాను. ఆ జొన్నలు మీ అమ్మ కృతజ్ఞత, పరలోకానికి కట్టే సుంకం కాదు, రక్షణ ఎవరికైనా ఉచితమే, మీ అమ్మకీ అంతే అన్నారు పాస్టరుగారు.

నీకూ అంతేనట. అయితే నువ్వూ ఆయనా ఒకటేనా? ఆ కుండ నిండినప్పుడల్లా నీకు పైన చోటు ఖాయమవుతోందని మురిసిపోయేదాన్నే...

నువ్వేమో నన్ను కసిరేదానివి. "ఏమే, నేనేందో పెద్ద మంచిదాన్నయినట్టు చెప్తావేంది? నాలో ఎంత కుళ్ళుందో ప్రభువుకి తెలుసు. అయినా రానిచ్చాడు. అదే చానా." అప్పుడు ఆ మాట నా తలకెక్కలేదు. ఇప్పుడు ఎక్కిందా అంటే... ఏమో.

ఈ పొద్దున నాన్న పోయాడు. నీ పక్కన పూడ్చమని అడిగి మరీ పోయాడు. గుంట ఎక్కడ తవ్వాలో చెప్పమని సంఘ పెద్దలు వాకిట్లో నిలబడ్డారు. అవతలి మూల తవ్వమందామని నోరు తెరిచాను. దెబ్బలు తిన్నది మా అమ్మ, ప్రభువుకేం, ఊరికే క్షమించేస్తాడు అనబోయాను. అంతలో ప్రభువూ దెబ్బలు తిన్నాడు కదా అని గుర్తొచ్చింది.

నీ పక్కనే తవ్వమన్నాను. తప్పు చేశానా? నీకు ఇష్టమేనా? నేను క్షమించేశానని మాత్రం అనుకోకు.

సమాధుల పండుగకి వచ్చి నీ సమాధికి సున్నం వేస్తాను. ఆయనకి... సున్నం ఇద్దరికీ సరిపడానే కలుపుతాను. చెయ్యి వస్తుందో రాదో ఆ రోజు చూడాలి.

నీ కూతురు,
రూతు