బాంబు షెల్టర్‌లో వేరుశనగలు

ఆదివారం రాత్రి, క్లెమెంటి

ఇవాళ టాంపినీస్‌లో బావమరిది రాజారావు ఇంటికి భోజనానికి వెళ్లాను. ఊరి నుంచి తెచ్చిన వేరుశనగ గింజల సంచీని ఫ్లాట్‌లోని బాంబు షెల్టర్‌లో, అంటే యుద్ధం వస్తే దాక్కోమని ఈ దేశంలో కొత్త ఫ్లాట్లలో కట్టే, అందరూ సామాన్లకు వాడే గదిలో, రెండు నెలలుగా ఉంచారట. గాలి ఆడని గది, పైగా ఈ ఊరి తేమ. చెప్పులు విడుస్తుండగానే నాకు బూజు వాసన తగిలింది.

ఆ వాసన నాకు పాత పరిచయం. ఒకప్పుడు ఊళ్లో రాజారావు కోళ్ల దాణా మిల్లులో నేను కెమిస్టుని. బూజు పట్టిన మొక్కజొన్న వాడొద్దని రాసిచ్చినా మంచిదాంట్లో కలిపి పంపాడు. షెడ్ల నిండా కోడిపిల్లలు చచ్చాయి. కోసి చూస్తే కాలేయాలు ఉబ్బి, పాలిపోయి ఉన్నాయి. తప్పు నా పరీక్షదని ఊరంతా చెప్పాడు.

అందుకే ఇవాళ వెంటనే నోరు విప్పలేదు. ఆ గింజలతో చేసిన ఉండల గిన్నె బల్ల మీద కనిపిస్తున్నా, అందరూ దాని చుట్టూ చేరేదాకా ఆగాను.

"రాజా, ఈ వేరుశనగ ఉండలు పారేయించు. గింజలకు బూజు పట్టింది."

"పుచ్చులు ఏరేసి బాగా వేయించాం బావగారూ. మీరు రిటైరయ్యారు గానీ మీ ముక్కు కాలేదే!"

"వేయిస్తే బూజు చస్తుంది, దాని విషం చావదు. కోడిపిల్లలైతే రోజుల్లో పడిపోతాయి. మనిషి కాలేయం ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. అప్పుడూ చెప్పాను నీకు."

అతని ముఖం మాడిపోయింది. అతని కోడలు శ్రావణి గిన్నె తీసుకెళ్లి చెత్తబుట్టలో బోర్లించింది. ఇన్నేళ్లకు నెగ్గాననుకున్నాను.

శ్రావణి కూతురి వైపు తిరిగింది. "నువ్వెన్ని తిన్నావే?"

"త్రీ ఓన్లీ లా, మమ్మీ," అంది పాప ఇక్కడి యాస ఇంగ్లిష్‌లో.

మొదటిది నేను వెళ్లేసరికే పాప చేతిలో ఉంది. మిగతా రెండూ, అందరూ చేరాలని నేను ఆగినంతసేపూ, నా పక్కనే కూర్చుని తింది.