చదునైన జాగా

అక్కా,

మూడు రోజులుగా ముసురు వదల్లేదు. తడి గడ్డి మీద కోత మిషను నడవక, గోల్ఫు మైదానంలో ఇసుక గుంటలు సర్దుతున్నాం. చేతులు పనిలో ఉన్నా మనసు ఒకచోట నిలవడం లేదు.

ఆదివారం మన పిల్లకి గోల్ఫు జట్టు ఎంపిక పోటీ. వయసు లెక్కన ఇదే ఆఖరుసారి. సాధన చేసే చోట దాని దెబ్బ ఒక్కటీ వంకర పోదు. అసలు ఆటలోకి దిగిందా, చేతులు కొయ్యబారిపోతాయి. ఎందుకో నాకు నిన్నగాని తెలియలేదు. ఆరేళ్లుగా సాధనలో చదునైన జాగా చూసి బంతి పెట్టేది నేనే. ఒకటి తప్పితే వెంటనే ఇంకోటి పెట్టేవాణ్ణి. అసలు ఆటలో అలా కుదరదు, బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి.

నిన్న బంతుల బుట్ట దాచేసి, ఒక్క బంతిని గుబురు గడ్డిలోకి విసిరాను. కొట్టి, వెతుక్కుని, అది పడ్డచోటి నుంచే మళ్లీ కొట్టమన్నాను.

"ఆరేళ్లకి గుర్తొచ్చిందా నాన్నా?" అంది.

చీకటి పడేదాకా ఆ ఒక్క బంతి వెంటే తిరిగింది. సగం దెబ్బలు తప్పాయి.

పోటీకి నువ్వూ వస్తానన్నావట. రా, కానీ దూరంగా నిలబడు. "ఏం ఫర్వాలేదమ్మా" అని మాత్రం అనకు. అది నేను చాలాసార్లు అన్నాను.

పోటీ జరిగే మైదానంలో సాధన చేసుకోవడానికి పిల్ల ఈ ఉదయం ఆరు గంటల బస్సుకి ఒక్కతే వెళ్లింది.

నీ తమ్ముడు