సురంగల్ కల్లం మీద బాస్కెట్‌బాల్

శనివారం రాత్రి, మొయినాబాద్

ఇందుమూలముగా సమస్త ప్రయాణికులకు తెలియజేయడమేమనగా, నేను నడిపే కాలేజీ బస్సులో ఏడ్చేవాళ్లు కిటికీ పరదాలతో ముక్కు తుడుచుకోరాదు.

ఈరోజు గండిపేటలో మా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు చిత్తుగా ఓడింది. మా మట్టి కోర్టులో బంతి లేవదు, అందుకే గట్టిగా కొట్టడం అలవాటు. అక్కడి నున్నటి గట్టి నేల మీద అదే దెబ్బకు బంతి నెత్తి దాటి పోయింది.

తిరుగు దారిలో కెప్టెన్ సునీత తన జెర్సీ నా పక్కన పడేసింది. "ఇగ నేను ఆడను కాకా. మట్టిల నేర్చుకున్నోళ్లం, మట్టిలనే ఉంటం."

"బంతిని పామును కొట్టినట్టు కొడితే పారిపోదా బిడ్డా? సురంగల్ల మా బావమరిదికి వడ్లు ఆరబోసే సిమెంటు కల్లమున్నది. ఆడుకోనిస్తనన్నడు. రేపు పొద్దుగాల్నే అందరు రాండ్రి."

"నిజంగ ఒప్పుకున్నడా?"

"నా స్టీరింగ్ మీద ఒట్టు!"

జెర్సీ మళ్లీ సంచిలో పెట్టుకుంది.

వచ్చే నెల మళ్లీ ఆ జట్టుతోనే ఆట, వేరే ఊళ్లో అలాంటి గట్టి నేల మీదే. ఈసారి వాళ్ల బస్సు పరదాలు తడవాలి, తడిపించి తీరుతాను.

బావమరిది ఒప్పుకున్నాడన్నది మాత్రం పూర్తిగా నా కల్పన. వాళ్ల ఇంటి పెళ్లిలో నేను వాడి చెప్పులు దాచినప్పటి నుంచి వాడు నాతో మాట్లాడడమే లేదు. పొద్దున పిల్లలకంటే ముందు నేను సురంగల్ చేరాలి...