సాక్ష్యం చెప్పేశాం

జనవరి 1, 2025

పాస్టరమ్మగారు ఈ డైరీ ఇచ్చారు. పురుగుమందుల షాపు వాళ్ళది. ప్రతి పేజీ అడుగునా ఒక మందు సీసా బొమ్మ. రోజుకొక స్తోత్రం రాయమన్నారు. ఏడాది చివర చూసుకుంటే గుండె నిండిపోతుందన్నారు. మా చర్చి ఆడవాళ్ళలో టెన్త్ పాసైంది నేనొక్కదాన్నేనట. మహా చదువు!

సరే. స్తోత్రం 1. మా ఆయనకి టీబీ తగ్గింది. ఆరు నెలల కోర్సు అయిపోయింది. మొన్న ఆదివారం చర్చిలో ఇద్దరం నిలబడి సాక్ష్యం చెప్పేశాం. ఆడవాళ్ళంతా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కొంచెం ఎక్కువే.

జనవరి 3

నిన్న రాయలేదు. షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళు మంటలు. పెన్ను పట్టుకుంటే పెన్నుకీ ఘాటే. పని నుంచి వచ్చి, పెరట్లో తడిక వెనక స్నానం చేసి, చీర మార్చుకుంటే గానీ గడప దాటను. దాటానా, మా ఆయన దగ్గు మొదలు. మార్టూరులో పద్నాలుగేళ్ళు గ్రానైట్ పాలిష్ పట్టిన మనిషి. ఒంటిచేత్తో నన్నెత్తి సైకిల్ మీద కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు నా చీర కొంగు వాసనకి పడిపోతున్నాడు.

ఈ చలిలో చన్నీళ్ళు. ప్రభువా, దీనికి కూడా స్తోత్రం చెప్పమంటావా? నేను చెప్పను.

జనవరి 6

టీబీ తగ్గినా దగ్గు కొన్నాళ్ళు ఉంటుందంది జైనాబీ. షెడ్డులో నా పక్క పీట ఆవిడది. వాళ్ళ మరిదికీ అంతేనట. సరేలే అనుకున్నాను.

కానీ ఆయన కూర్చునే నిద్రపోతున్నాడు. వీపు వెనక బియ్యం బస్తా, దాని మీద దిండు. నడుం వాలిస్తే ఊపిరాడదట. ఒక్కసారి వెల్లకిలా పడుకుని నిద్రపోవాలనుందే, అన్నాడు. ఏదో పెద్ద కోరిక కోరినట్టు, మొహమాటపడుతూ.

జనవరి 9

గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో పెద్ద డాక్టరు. స్కాన్ తీయించి, ఫిల్ము చాలాసేపు చూసి, ఏం పని చేస్తావయ్యా అని అడిగాడు. టీబీ కాదన్నాడు. మొదటినుంచీ కాకపోయి ఉండొచ్చన్నాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందట. మందేంటండీ అని అడిగాను. దుమ్ముకీ ఘాటుకీ దూరంగా ఉంచమన్నాడు. మందేంటండీ అని మళ్ళీ అడిగాను. ముందు ముందు ఆక్సిజన్ పెట్టాల్సి వస్తుందన్నాడు. ఎన్నాళ్ళు అని అడగబోతే మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు.

బస్సులో నాకు మొదట వచ్చిన ఆలోచన రాస్తున్నాను. దేవుడికి ఎలాగూ తెలుసు. అయ్యో, సాక్ష్యం చెప్పేశామే! మొగుడు పోతాడన్నది ఆ తర్వాత వచ్చింది. ఛీ, నాదీ ఒక బతుకేనా.

జనవరి 10

స్తోత్రం లేదు.

జనవరి 17, శుక్రవారం

ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు మా సాక్ష్యమే ఎత్తారు. మా ఆయన్ని చూపించి, బాబ్జీని చూసి నేర్చుకోండి అన్నారు. తర్వాత ఒక్కొక్కరూ ఒక స్తోత్రం చెప్పాలి. నా వంతు వస్తే గాలికీ నీళ్ళకీ స్తోత్రం అన్నాను. గాలి అన్నాక నాలిక కరుచుకున్నాను.

అయ్యాక పాస్టరమ్మగారు పక్కకి పిలిచారు. వచ్చే శుక్రవారం స్వస్థత కూటాల్లో మీ ఇద్దరూ స్టేజీ ఎక్కాలి, పాంప్లెట్‌లో పేర్లు కూడా వేయించామన్నారు. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు. కానీ చివరికి, తగ్గిందనే చెప్పమ్మా, విశ్వాసంతో నోటితో ఒప్పుకుంటే అదే జరుగుతుంది, ఇప్పుడు కాదంటే కొత్తగా వచ్చినవాళ్ళు విశ్వాసంలోంచి పడిపోతారు అన్నారు.

నాకు ఆశ పుట్టింది. నా మీద నాకే అసహ్యం వేసేంత ఆశ.

జనవరి 20

మా ఆయనతో చెప్పాను. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు. తగ్గిందని చెప్తే నిజంగానే తగ్గుద్దేమో, నోటి మాటేగా, నీ సొమ్మేం పోయింది అని అరిచాను. నవ్వబోయి దగ్గాడు. అన్నం తినలేదు. నేనూ తినలేదు.

జనవరి 25

నిన్న కూటాలు. స్టేజీకి అయిదు మెట్లు. మెట్టు మెట్టుకీ ఆగాడు. ఆగినప్పుడల్లా జనం హల్లెలూయా అంటున్నారు. మైకు ముందు నా చేతికే ఇచ్చారు. తగ్గిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఒట్టు, చెప్పేదాన్నే.

మైకు మా ఆయన లాక్కున్నాడు. నాకు తగ్గలేదండీ అన్నాడు. టీబీ కాదంట, రాతిదుమ్మంట, మందు లేదంట, తెలీక తగ్గిందని చెప్పాం, మన్నించండి అన్నాడు. మైకులో ఆయన ఊపిరి గరగరమని ఊరంతా వినపడుతోంది. కీబోర్డు ఆగిపోయింది. పాస్టరుగారు మైకు కోసం చెయ్యి చాపారు. ఇంకొక్క మాటండీ అన్నాడు.

తగ్గాక చెబుదామనుకున్న స్తోత్రం తగ్గకుండానే చెప్తన్నా, అన్నాడు. మా ఉదయశ్రీ మిరపకాయల పనికాడి నుంచి వచ్చి, ఈ చలిలో చన్నీళ్ళు పోసుకుంటే గానీ నా దగ్గరికి రాదు, నేను దగ్గకూడదని. తడిక వెనకాల పళ్ళు కొట్టుకుంటంటే నాకు వినపడుద్ది. దేవుడు నన్ను మర్చిపోలేదని రోజూ అప్పుడు తెలుసుద్ది. నాకది చాలండీ, అన్నాడు.

ముందు వరస ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చేదాకా తిట్టాను. నా స్నానం సంగతి మైకులో చెబుతాడా ఈ మనిషి!

జనవరి 26, ఆదివారం

చర్చిలో నా చాప మీద ఎవరూ కూర్చోలేదు. ఆఖరి పాటప్పుడు పాస్టరమ్మగారు వచ్చి కూర్చున్నారు.

ఫిబ్రవరి 3

స్తోత్రం 2. పని నుంచి వచ్చేసరికి తడిక వెనక నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నం బకెట్టు ఎండలోకి జరిపాడట. నాలుగు బారలు జరపడానికి మూడుసార్లు కూర్చున్నాడట. తిట్టాను. తర్వాత తడిక వెనక నిలబడి ఆ నీళ్ళు మెల్లగా పోసుకున్నాను, అయిపోతాయేమోనని.

ఫిబ్రవరి 20

స్తోత్రం 15. గంజి తాగాడు. సగం గ్లాసు.

బాగుచెయ్యమని అడగడం మానేశాను. కోపంతో కాదు. అడిగి అడిగి అలిసిపోయాను. ఆశ పోతే స్తోత్రం కూడా పోతుందనుకున్నాను. పోలేదు. ఎందుకో నాకు తెలియదు.

మార్చి 14

ఆక్సిజన్ పెట్టారు. స్తోత్రం 30, నా పేరు పిలిచాడు.

మార్చి 22

సమాధుల తోట నుంచి వచ్చాం. పెట్టెలో వెల్లకిలా పడుకున్నాడు.

మార్చి 31

ఇవాళ పనిలోకి వెళ్ళాను. ఇంటికొచ్చి, తలుపు తోసుకుని, ఆ ఘాటుతోనే తిన్నగా లోపలికి వెళ్ళిపోయాను. ఎవరూ దగ్గలేదు.

బయటికొచ్చి, తడిక వెనక స్నానం చేసి, చీర మార్చుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళాను.

స్తోత్రం.